ఆకలి కాని ఆకలి

అనంతపురము పీఠభూమిలోని గార్లదిన్నె ప్రాంతమునకు ఆకలి క్రొత్త విషయము కాదు. 1876-78 నాటి ధాత కరువు ఈ నేలను పీడించినది. వాన తప్పిన ఏడు వేరుసెనగ చేలు ఎండుట ఇక్కడివారు ఎరిగినదే. అట్టిచోట ఒకరు రహస్యముగా అమితముగా తిని, వెంటనే వాంతి చేసికొనుచున్నారనిన నమ్మశక్యముగా నుండదు. ఇంటివారు దానిని తిండిపోతుతనమనియో, గ్యాసు జబ్బనియో అనుకొనవచ్చును. కాని అది బులీమియా అను వ్యాధి కావచ్చును.

గ్రీకు భాషలో 'బూస్' అనగా ఎద్దు, 'లీమోస్' అనగా ఆకలి. ఎద్దు ఆకలి యని ఈ పదమునకు అర్థము. ఆయుర్వేదములోని భస్మకరోగము వేరు. అందు జఠరాగ్ని మితిమీరునని చెప్పుదురు. బులీమియాకు మూలము కడుపులో గాక చాలవరకు మనస్సులో నుండును. 1979 లో లండనులో జెరాల్డ్ రసెల్ అను మానసిక వైద్యుడు 30 మంది రోగులను గూర్చి వ్రాసి, దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించెను.

ఇది ఎట్లు కలుగును? దేహపు లావును గూర్చిన ఎగతాళి, ఇంటిలోని కలతలు, బాల్యమున పడిన హింస మున్నగువానివలన 'నేను పనికిరాను' అను భావము కొందరిలో నాటుకొనును. వంశపారంపర్య లక్షణములును దానికి తోడగును. ఆ భావమును జయించుటకై వారు తిండి తగ్గింతురు. మాడ్చిన దేహము ఊరకుండదు. 1944-45 లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు అరకొర ఆహారమిచ్చి పరిశీలించెను. వారి తలపులు తిండిచుట్టునే తిరిగెను. తరువాత కావలసినంత ఆహారము లభించినను, కొందరికి ఎంత తిన్నను తృప్తి కలుగలేదు. బులీమియాలోను అంతే. పస్తు అమిత భోజనమునకును, అది సిగ్గునకును, సిగ్గు వాంతికిని, మరల పస్తునకును దారితీయును. తినుచున్న కొద్ది నిమిషములు దుఃఖము మరుగుపడును. ఈ చక్రమునకు అదియే ఇరుసు.

వాంతులవలనను, విరేచనపు మందులవలనను రక్తములో పొటాషియము తగ్గును. అందుచే గుండె లయ తప్పి ప్రాణాపాయము కలుగవచ్చును. పుల్లని జఠరరసము తగిలి పండ్ల పింగాణి పొర అరుగును. చెంపలయందలి లాలాజల గ్రంథులు వాచును. పెక్కుమంది రోగుల బరువు సాధారణముగనే యుండుటచే ఇతరులు వ్యాధిని గుర్తింపలేరు. ఇది స్త్రీలలో ఎక్కువ, పురుషులకును రావచ్చును.

దీనికి చికిత్స కలదు. వేళకు భోజనము చేయుట అందు మొదటి మెట్టు. ఆలోచనలను, అలవాట్లను సరిదిద్దు మనోచికిత్స ప్రధానము. అవసరమైనచో వైద్యులు మందులు గూడ ఇత్తురు. 2022 లో భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరున ఫోను చేసి ఉచితముగా సలహా పొందవచ్చును. పళ్లెములోని ముద్దలు లెక్కించుట మాని, మనస్సులోని బాధ నడుగుట ఇంటివారి పని. కరువునాడు ఆకలిగొన్నవానిని ఎవరును నిందింపరు. ఈ ఆకలిని గూడ నిందింపరాదు.