పాత తుపాకికి గురి కుదిర్చేదెలా?
పైసా ఖర్చు లేని పద్ధతులే ముఖ్యం

అంబర్‌పేట: ఉస్మానియా విశ్వవిద్యాలయం మైదానాల్లో తెల్లవారకముందే పరుగులు తీసే కుర్రాళ్లలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవారే. కానిస్టేబులు ఉద్యోగం కోసం తార్నాకలోనో, విద్యానగర్‌లోనో నలుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకుని, ఒక పూట వండుకుని రెండు పూటలా తింటూ తయారవుతుంటారు. పరుగు, దూకుడు, రాత పరీక్ష గురించి వారికి తెలియనిది లేదు. తీరా ఎంపికయ్యాక ఎదురయ్యే కొత్త సంగతి ఒకటుంది. అదే తుపాకి. విశ్వవిద్యాలయం ఎన్.సి.సి. గేటు దాటి శివం రోడ్డు మీదుగా దిగితే అంబర్‌పేటలో పోలీసు శిక్షణ కళాశాల వస్తుంది. ఇటువంటి శిక్షణాలయాల్లోనే మన ఊరి పిల్లవాడు మొదటిసారి నిజమైన తుపాకి భుజానికి ఆనిస్తాడు.

ఆ తుపాకి కొత్తది కాకపోవచ్చు. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మన సైనికుల చేతుల్లో ఉన్నవి ప్రతి గుండుకూ బోల్టు లాగవలసిన పాత .303 తుపాకులు. ఆ తర్వాత 1960ల్లో పశ్చిమ బెంగాల్‌లోని ఈషాపూర్ కర్మాగారంలో 7.62 మిల్లీమీటర్ల ఎస్.ఎల్.ఆర్. తయారైంది. మీట నొక్కితే ఒక గుండు పేలుతుంది. ఖాళీ తొడుగు బయటికి చిమ్మి, మరో తూటా తనంతట తానే గొట్టంలోకి వస్తుంది. 1990ల చివర సైన్యం ఇన్సాస్ రైఫిళ్లకు మారింది. ఎస్.ఎల్.ఆర్.లు అంచెలంచెలుగా పోలీసు దళాల పాలయ్యాయి. అన్న తొడిగిన చొక్కా తమ్ముడికి వచ్చినట్లన్నమాట.

దీంతో గురి కుదరనప్పుడు వినిపించే మాట ఒక్కటే: ‘తుపాకి పాతదండీ’. నిజంగా తప్పు తుపాకిదేనా?

అది తేల్చడానికి ఖర్చు లేని పరీక్ష ఉంది. ఉస్తాదులు దీన్ని ‘గ్రూపింగ్’ అంటారు. ఒకే చోట గురిపెట్టి ఐదు గుండ్లు కాల్చాలి. మధ్యలో తగిలిందా లేదా అన్నది అప్పుడే చూడకూడదు. ఐదూ ఒకదాని పక్కన ఒకటి పడ్డాయా అన్నదే చూడాలి. ఐదూ దగ్గరగా ఎడమ పక్కన కింద పడితే మనిషిలో లోపం లేనట్లే, సైటు సరిచేస్తే సరిపోతుంది. గింజలు చల్లినట్లు పడితే అదే తుపాకిని మంచి గురిగాడికిచ్చి కాల్పించాలి. అతనికి దగ్గరగా పడితే ఇక తుపాకిని తిట్టి లాభం లేదు. చాలాసార్లు తేలేది ఇదే.

లెక్క చూడండి. ఎస్.ఎల్.ఆర్. మీద వెనుక సైటుకూ ముందు సైటుకూ మధ్య దూరం సుమారు 55 సెంటీమీటర్లు. గురి చూసేటప్పుడు ముందు సైటు మొన ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 100 మీటర్ల దూరంలో గుండు 18 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. జానెడుకు కొంచెం తక్కువ. 300 మీటర్లకు మూరెడు పైనే. ఆ మిల్లీమీటరు తప్పు చేసేది మన కన్ను, మన వేలు.

కొత్తవాడి కన్ను లక్ష్యం మీదికి పోతుంది. పోకూడదు. ముందు సైటు మొన స్పష్టంగా కనబడాలి, లక్ష్యం కాస్త మసకగా ఉన్నా ఫరవాలేదు. చెంప ప్రతిసారీ బట్టు మీద ఒకే చోట ఆనాలి. ఊపిరి సగం వదిలి ఆపాలి. మీటను లాగకూడదు, నిమ్మపండు పిండినట్లు మెల్లగా నొక్కాలి. ఎప్పుడు పేలిందో మనకే తెలియనంత మెల్లగా. పేలుడు శబ్దానికి ముందే కన్ను మూసి, భుజం ముడుచుకునేవారు పదిమందిలో సగం మంది ఉంటారేమో.

ఈ భయం పోవడానికి గుండ్లు తగలేయనక్కరలేదు. ఉస్తాదు ఎదుట తుపాకి ఖాళీ చేసి, మ్యాగజైను తీసి, గొట్టంలో ఏమీ లేదని ఇద్దరు చూసుకున్నాక, గొట్టం కొసన రూపాయి బిళ్ళ నిలబెట్టకుండా పడుకోబెట్టి మీట నొక్కాలి. బిళ్ళ పడకుండా ఇరవైసార్లు నొక్కగలిగినవాడికి ఫైరింగ్ రోజున చెయ్యి వణకదు. ఖర్చు ఒక రూపాయి. అదీ మళ్లీ జేబులోకే.

గొట్టం మూతి జాగ్రత్త

ఇక తుపాకి సంగతి. తాడుకు గుడ్డముక్క కట్టి గొట్టంలోంచి లాగి శుభ్రం చేస్తారు. ‘పుల్‌త్రూ’ అని తాడుకూ, ‘చిందీ’ అని గుడ్డకూ పేరు. ఈ తాడును వంకరగా లాగితే గొట్టం మూతి అంచు ఏళ్ల తరబడి ఒరుసుకుపోతుంది. బావి గట్టు రాయి మీద చేదతాడు చాళ్లు పడినట్లే. గుండు ఆఖరుసారి తాకేది ఆ అంచునే. అక్కడ అరిగితే గుండు ఒక పక్కకు లాగుతుంది. కాబట్టి తాడును వెనుక నుంచి వేసి, మూతి దగ్గర తిన్నగా, అంచుకు తగలకుండా లాగాలి. కాల్చేముందు గొట్టంలో నూనె లేకుండా పొడిగుడ్డతో తుడవాలి. నూనె మిగిలితే మొదటి గుండు దారి తప్పుతుంది.

ఎస్.ఎల్.ఆర్.కు ఒక ప్రత్యేకమైన బలహీనత ఉంది. ముందు సైటు గొట్టం వైపు పైభాగంలో ఉంటే, వెనుక సైటు మడత తెరుచుకునే కింది భాగం మీద ఉంటుంది. ఈ రెండు భాగాల నడుమ వదులు ఏర్పడితే ఎంత మంచి గురిగాడికైనా గుండ్లు చెదురుతాయి. చేత్తో కదిపి చూస్తే తెలిసిపోతుంది. దీన్నీ, వదులైన సైటు మరలనూ, గ్యాసు సర్దుబాటునూ ఆర్మరర్ చూడాలి. గ్యాసు అవసరానికి మించి వదిలితే తుపాకి భుజాన్ని గట్టిగా తంతుంది. జవాను సొంతంగా స్క్రూడ్రైవరు పట్టుకోవడం తప్పు.

తూటాలు కూడా ఒకే పెట్టెలోవి, ఒకే తయారీవి వాడుకోవాలి. మే నెల ఎండలో రేకు మీద పెట్టిన తూటాకు వేగం పెరిగి పైకి కొడుతుంది. నీడన ఉంచడానికి ఖర్చేముంది?

ఇవన్నీ అయ్యాకే సైటు సరిచేయాలి. గుండు ఎటు పడాలో వెనుక సైటును అటే జరపాలి. ముందు సైటును మాత్రం దానికి ఎదురు దిక్కుకు జరపాలి. గుండు పైకి పోతుంటే ముందు సైటును పైకే ఎత్తాలి. ఇది తిరగేసి చేసి తలపట్టుకునేవారు కొత్తవారిలో మామూలే.

అమెరికాలో 1964 నుంచి అమ్ముతున్న రూగర్ 10/22 అనే చవక రైఫిల్ ఉంది. అక్కడివారు దాన్ని కొని, గొట్టం మార్చి, మీట మార్చి, తుపాకి ధర కంటే మార్పులకే ఎక్కువ పెడతారు. మన దేశంలో ఆ సరదా కుదరదు. ఎస్.ఎల్.ఆర్. వాడే సైనిక తూటా నిషిద్ధ బోరు కిందికి వస్తుంది. ఊళ్లో నాటు తుపాకి దాచుకోవడం ఆయుధాల చట్టం కింద నేరం. కాలేజీ పిల్లలకు ఎన్.సి.సి.లో .22 రైఫిల్ ఉచితంగా దొరుకుతుంది. 4.5 మిల్లీమీటర్ల బోరు మించకుండా, 20 జౌళ్ల లోపు శక్తి గల గాలి తుపాకికి లైసెన్సు అక్కరలేదు. పిట్టలను కొట్టడానికి మాత్రం కాదు.

పతకాల దాకా వెళ్లాలంటే డబ్బు కావలసిందే. ఉస్మానియా పట్టభద్రుడైన గగన్ నారంగ్‌కు 1997లో తండ్రి కొనిచ్చినది ఒక గాలి పిస్తోలు. తర్వాత మంచి రైఫిల్ కొనడానికి ఆ కుటుంబం ఇంటి స్థలం అమ్ముకుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో అతను కాంస్యం గెలిచాడు. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు.

కానిస్టేబులుకు అంత సూక్ష్మం అక్కరలేదు. కానీ అతను కాల్చవలసి వస్తే అది అట్ట బొమ్మల మైదానంలో కాదు, జనం ఉన్న బజారులో. 7.62 గుండు గురి తప్పితే కిలోమీటరు దాటి కూడా ప్రాణం తీయగలదు. అందుకే శిక్షణలో ఇచ్చే కొద్దిపాటి గుండ్లు అయిపోయాక కూడా, బ్యారక్‌లో సాయంత్రాలు ఉస్తాదును అడిగి ఆ రూపాయి బిళ్ళ అభ్యాసం చేసుకోవడానికి కుర్రాళ్లు వెనుకాడనక్కరలేదు.