పిలవని పేరంటం

అడగకుండా, ముఖపరిచయం లేకుండా, ఒకే మాటను వేలకు వేలమందికి పంపే ఈమెయిల్‌ను స్పామ్ అంటారు. అవతలివాళ్లు కోరకపోవడం ఒక షరతు, గుంపుగా పంపడం రెండో షరతు. రెండూ కలిస్తేనే స్పామ్. ఉద్యోగం కోసం ఒక కుర్రాడు ఒక కంపెనీకి రాసుకున్న మెయిల్ ఎవరూ అడగనిదే, అయినా అది స్పామ్ కాదు. చందాదారులకు పత్రికవాళ్లు పంపే వారపు లేఖ లక్షమందికి వెళ్లినా స్పామ్ కాదు. లోపల మోసం ఉందా, చీరల ప్రకటన ఉందా, దేవుడి మహిమ ఉందా అన్నది ఈ లెక్కలోకి రాదు.

ఈ పేరు ఒక మాంసం డబ్బాది. అమెరికాలో హార్మెల్ కంపెనీ 1937లో అమ్మకానికి పెట్టిన డబ్బా పందిమాంసాన్ని స్పామ్ అన్నారు. 1970లో బ్రిటిష్ హాస్య బృందం మాంటీ పైథాన్ టీవీలో ఒక చిన్న ప్రహసనం వేసింది. అందులోని హోటల్లో ఏ పలహారం చెప్పినా స్పామ్ కలిసే వస్తుంది. పక్క బల్లల దగ్గరి వైకింగ్ వేషగాళ్లు ఆ పేరునే పాటగా అందుకుని ఎవరి మాటా ఎవరికీ వినపడనివ్వరు. తరవాతి దశాబ్దాల్లో కంప్యూటర్ నెట్‌వర్కుల మీద ఆటలాడే కుర్రకారు, పనికిరాని రాతతో పదిమంది తెరలూ నింపేసే అల్లరికి ఆ పేరు తగిలించారు. కంపెనీ మొదట నొచ్చుకుంది. చివరికి అన్నీ పెద్ద అక్షరాల్లో రాస్తే తమ డబ్బా, చిన్న అక్షరాల్లో రాస్తే చెత్త ఉత్తరం అని రాజీపడింది. తెలుగు లిపిలో ఆ వెసులుబాటు లేదు.

మొదటి స్పామ్‌కు తేదీ కూడా ఉంది: 1978 మే 3. అప్పటికి ఇంటర్నెట్ లేదు; అమెరికా రక్షణ శాఖ నడిపే అర్పానెట్ ఉండేది. డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల కంపెనీలో మార్కెటింగ్ చూసే గ్యారీ థర్క్, కొత్త యంత్రాల ప్రదర్శనకు రమ్మంటూ దేశపు పశ్చిమ తీరంలోని సుమారు 400 మందికి ఒకే సందేశం పంపించాడు. చిరునామాలు నెట్‌వర్క్ అచ్చువేసిన డైరెక్టరీలోనివి. అవి ఎన్ని ఉన్నాయంటే, చిరునామాల గడి నిండిపోయి మిగతావి ఉత్తరం లోపలికి పొర్లిపోయాయి. ప్రభుత్వ నెట్‌వర్క్‌ను వ్యాపారానికి వాడినందుకు కంపెనీకి చీవాట్లు పడ్డాయి. కానీ ఆ ఒక్క ఉత్తరంతో కోటి డాలర్లకు పైగా సరుకు అమ్ముడైందని థర్క్ తరవాత చెప్పుకున్నాడు. చీవాట్లు ఎవరికీ గుర్తులేవు, అమ్మకం సంగతి అందరికీ గుర్తుండిపోయింది.

1994 ఏప్రిల్ 12న అరిజోనాకు చెందిన లారెన్స్ కాంటర్, మార్తా సీగల్ అనే న్యాయవాద దంపతులు ఇంకో మెట్టెక్కారు. అమెరికా గ్రీన్‌కార్డు లాటరీకి దరఖాస్తు పెట్టించే సేవ తమ దగ్గర ఉందంటూ యూజ్‌నెట్ అనే చర్చా వేదికలోని ఐదువేలకు పైగా విభాగాల్లో ఒకే ప్రకటన వేశారు. మొక్కల పెంపకం మాట్లాడుకునేవాళ్లూ చదరంగం మాట్లాడుకునేవాళ్లూ కూడా దాన్నే చదవాల్సి వచ్చింది. కోపంతో జనం పంపిన జవాబుల బరువుకు వాళ్లకు నెట్ సదుపాయం ఇచ్చిన సంస్థ కంప్యూటర్లు కుప్పకూలాయి. ఆ దంపతులు మాత్రం తప్పు ఒప్పుకోలేదు సరికదా, ఇలా డబ్బు సంపాదించడం ఎలాగో పుస్తకం రాశారు. చాలామంది ఆ లాటరీకి ఎగబడ్డారు గానీ, భారతదేశంలో పుట్టినవాళ్లకు సాధారణంగా అందులో పాల్గొనే అర్హతే లేదు. అందుకే గ్రీన్‌కార్డు లాటరీ తగిలిందని ఒక తెలుగువాడి ఇన్‌బాక్సుకు కబురు వస్తే అది దొంగదని తెరవకముందే అనుకోవచ్చు.

ఇంత తేలిగ్గా ఇదంతా ఎందుకు సాగిందంటే, ఈమెయిల్ పుట్టుకలోనే కారణం ఉంది. ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌కు ఉత్తరం ఎలా అందించాలో చెప్పే ఎస్‌ఎమ్‌టీపీ నియమావళిని జాన్ పోస్టెల్ 1982లో రాశాడు. అప్పట్లో నెట్‌వర్క్ మీద ఉన్నవాళ్లు ఎక్కువగా విశ్వవిద్యాలయాలవాళ్లు, పరిశోధకులు, ఒకరికొకరు తెలిసినవాళ్లు. పంపేవాడు తన పేరు ఫలానా అంటే అందుకునే యంత్రం నమ్మేస్తుంది. కవరు వెనక 'ఫ్రమ్' అని ఎవరి పేరు రాసినా తపాలా డబ్బా అడ్డుచెప్పదు కదా, అలాగే. పైగా దారిలోని ఏ సర్వర్ అయినా ఎవరి ఉత్తరాన్నయినా అందుకుని ముందుకు చేరవేయడం మర్యాదగా ఉండేది. ఊరికి వెళ్లే బస్సు కండక్టర్ చేతిలో సంచి పెట్టి, ఫలానా స్టాపులో మావాడు వచ్చి తీసుకుంటాడని చెప్పినంత మామూలు వ్యవహారం. తొంభైల్లో స్పామ్ పంపేవాళ్లు ఆ మర్యాద మీదే బతికారు.

అసలు కీలకం ఖర్చులో ఉంది. తెలుగు ఊళ్లలో ఒకప్పుడు దేవుడి పేరుతో పోస్టుకార్డులు తిరిగేవి: ఇది అందినవాళ్లు ఇంతమందికి రాస్తే మేలు, రాయకపోతే కీడు. అదీ ఒకరకంగా స్పామే. కానీ కార్డు కొనాలి, చేత్తో రాయాలి. 50 పైసల కార్డు లెక్కన చూసినా లక్షమందికి పంపాలంటే ఖాళీ కార్డులకే 50,000 రూపాయలు. భయభక్తులకు కూడా జేబు హద్దు పెట్టింది. ఈమెయిల్‌కు ఆ హద్దు లేదు. పంపేవాడికి దాదాపు ఏ ఖర్చూ ఉండదు. సర్వర్ చోటు, కరెంటు, చదివేవాడి సమయం అన్నీ అవతలివాళ్ల ఖాతాలో పడతాయి. స్టాంపు లేని బేరింగ్ ఉత్తరం లాంటిదన్నమాట. అయితే బేరింగ్ ఉత్తరాన్ని పుచ్చుకోనని పోస్ట్‌మ్యాన్‌తో చెప్పి తిప్పి పంపవచ్చు.

2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక స్పామ్ ముఠా యంత్రాంగంలోకి చొరబడి ఈ వ్యాపారం ఎంత లాభసాటో లెక్కకట్టారు. 26 రోజుల్లో మందుల ప్రకటనతో దాదాపు 35 కోట్ల మెయిళ్లు వెళ్తే, కొనబోయినవాళ్లు 28 మంది. ఏ కిరాణా కొట్టూ ఈ బేరంతో బతకదు. మెయిల్‌కు ఖర్చు లేదు కాబట్టి ఆ 28 మందే చాలు.

దీన్ని ఆపే పనిని బాగా చేసినవాళ్లలో ఓపెన్ సోర్స్ ప్రోగ్రామర్లు ముందుంటారు. రాసిన కోడ్‌ను ఎవరైనా చదవడానికి, మార్చుకోవడానికి, ఇంకొకరికి ఇవ్వడానికి అనుమతించే సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ అంటారు. రిచర్డ్ స్టాల్‌మన్ 1980ల్లోనే దీనికి 'ఫ్రీ సాఫ్ట్‌వేర్' అని పేరుపెట్టాడు. ఇంగ్లీషులో ఫ్రీ అంటే ఊరికే వచ్చేది అనీ అర్థమే, కట్లు లేనిది అనీ అర్థమే. ఆ గజిబిజి వదిలించుకోవడానికే 1998లో ఓపెన్ సోర్స్ అన్న మాట పుట్టింది. తెలుగుకు ఈ చిక్కు లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదు కేంద్రంగా తెలుగులో కంప్యూటర్ వ్యవస్థను తయారుచేసిన సంస్థ 'స్వేచ్ఛ' అని పేరు పెట్టుకోవడంలో ఆ తేడా స్పష్టంగా ఉంది.

మార్క్ జెఫ్టోవిక్ అంతకుముందు రాసిన, స్పామ్‌ను వడకట్టే ఒక జల్లెడను 2001లో ఐర్లాండ్ ప్రోగ్రామర్ జస్టిన్ మేసన్ తిరగరాసి స్పామ్‌అసాసిన్ పేరుతో అందరి ముందూ పెట్టాడు. దీని పద్ధతి పరీక్ష పేపరు దిద్దడం లాంటిది, కాకపోతే ఇందులో మార్కులు ఎక్కువొస్తే తప్పినట్టు. మెయిల్ మీద రాబోయే తేదీ వేసి ఉంటే కొన్ని మార్కులు, శీర్షిక మొత్తం పెద్ద అక్షరాల్లో అరిస్తే కొన్ని, తెలిసిన దొంగ సర్వర్ నుంచి వస్తే ఇంకొన్ని. మొత్తం 5 చేరితే స్పామ్ ముద్ర. ఏ సూత్రానికి ఎన్ని మార్కులో పైకే కనిపిస్తుంది కాబట్టి ఒక మంచి ఉత్తరం ఎందుకు ఇరుక్కుందో అడిగి తెలుసుకోవచ్చు. 2004 నుంచి ఇది అపాచీ ఫౌండేషన్ నీడలో ఉంది.

2002 ఆగస్టులో పాల్ గ్రాహమ్ అనే ప్రోగ్రామర్ ఒక వ్యాసంలో ఇంకో దారి చూపించాడు. సూత్రాలు మనిషి రాయక్కర్లేదు. వద్దనుకున్న ఉత్తరాలు ఒక కుప్పగా, కావలసినవి ఇంకో కుప్పగా పోస్తే యంత్రమే తెలుసుకుంటుంది. ప్రతి మాటా ఏ కుప్పలో ఎన్నిసార్లు కనిపించిందో లెక్కపెట్టి, కొత్త ఉత్తరంలో బాగా పట్టిచ్చే 15 మాటలను తీసుకుని, అది స్పామ్ అయ్యే అవకాశం ఎంతో లెక్కకడుతుంది. దీని వెనకున్న గణితం 18వ శతాబ్దపు ఇంగ్లీషు మతాచార్యుడు థామస్ బేస్‌ది. గ్రాహమ్‌కు ఎదురైన వింత ఏమిటంటే, ఎర్ర అక్షరాలకు వాడే రంగు సంకేతం బూతుమాటలకు సమానంగా స్పామ్‌ను పట్టిచ్చింది. ఏ మనిషి అయినా సూత్రాలు రాస్తూ కూర్చుంటే ఆ సంగతి తట్టేదా? మరుసటి ఏడాదికల్లా ఓపెన్ సోర్స్‌లోనే ఉన్న మోజిల్లా మెయిల్‌లోకి ఈ జల్లెడ వచ్చేసింది. జల్లెడ రాసేవాళ్లు మంచి ఉత్తరాలను హామ్ అంటారు. అదీ పందిమాంసమే, కాకపోతే మేలురకం.

కోడ్ బయటపెడితే దొంగలూ చదువుతారు కదా అని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. చదివారు కూడా. మందుల పేర్లలో అక్షరాల బదులు అంకెలు పెట్టారు, మాటలను బొమ్మలుగా మార్చారు, జల్లెడ కళ్లుగప్పడానికి ఉత్తరం చివర నవలల్లోంచి పేరాలు అతికించారు. అయినా ఈ వాదన నిలవదు. బేస్ జల్లెడలో రహస్యం కోడ్‌లో లేదు. ఒక్కొక్కరి ఇన్‌బాక్సు నేర్పిన లెక్కల్లో ఉంది. తాళం ఎలా చేస్తారో తెలిసినవాడి దగ్గర ఇంటి తాళంచెవి ఉండదు. పైగా కొత్త ఎత్తు వేసిన ప్రతిసారీ ఎక్కడో ఒకరు దానికి విరుగుడు రాసి అందరికీ పంచారు.

తెలుగు విషయంలో ఈ జల్లెడలకు ఒక ఇబ్బంది ఉంది. ఇంగ్లీషులో ఒక మాట దాదాపు ఒకే రూపంలో ఉంటుంది. తెలుగులో బహుమతి, బహుమతిని, బహుమతులకు, బహుమతేనా అన్నవి మాటల్ని విడివిడిగా లెక్కపెట్టే యంత్రానికి నాలుగు వేరు మాటలు. అందుకని అది నేర్చుకోవడానికి ఎక్కువ తెలుగు ఉత్తరాలు కావాలి.

జల్లెడలు ముదిరేకొద్దీ స్పామ్ పంపేవాళ్లు తమ సొంత యంత్రాలు మానేసి, ఊరివాళ్ల ఇళ్లలోని కంప్యూటర్లకు వైరస్ ఎక్కించి వాటిని రహస్యంగా వాడుకోవడం మొదలుపెట్టారు. రెండేళ్లలో స్పామ్ సమస్య తీరిపోతుందని 2004 జనవరిలో దావోస్‌లో బిల్ గేట్స్ అన్నాడు, తీరలేదు. అమెరికా చేసిన కాన్‌స్పామ్ చట్టం ఆ నెలలోనే అమల్లోకి వచ్చింది. ముందు అనుమతి అడగాలని అది కోరలేదు, వద్దంటే ఆపాలని మాత్రమే కోరింది. అంటే మొదటి ఉత్తరానికి లైసెన్సు ఇచ్చినట్టే. చట్టం కన్నా ఒక తీగ తెంపడం గట్టిగా పనిచేసింది. 2008 నవంబరు 11న కాలిఫోర్నియాలోని మెకోలో అనే సంస్థకు ఇంటర్నెట్ కనెక్షన్లు తీసేయగానే ప్రపంచంలో స్పామ్ ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయింది. ఆ దొంగ కంప్యూటర్లను ఆడించే యంత్రాలు అక్కడే ఉండేవి. కొన్ని నెలల్లో స్పామ్ మళ్లీ పెరిగింది.

ఈమెయిల్ స్పామ్‌కని భారతదేశంలో ప్రత్యేక చట్టం లేదు. విసిగించే ఎలక్ట్రానిక్ మెయిల్ మాట ఉన్న ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను భావ ప్రకటనా స్వేచ్ఛకు విరుద్ధమని సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టేసింది. కొట్టేయవలసినదే. ఫోన్ల సంగతి వేరు: వ్యాపార కాల్స్, ఎస్సెమ్మెస్‌లు వద్దని 1909 నంబరుకు చెప్పుకునే ఏర్పాటును టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చేసింది.

ఇప్పుడు పోరు మాటల మీంచి గుర్తింపు మీదికి వచ్చింది. తన పేరుతో ఏ యంత్రాలు ఉత్తరాలు పంపవచ్చో డొమైన్ యజమాని ప్రకటించేది ఎస్‌పీఎఫ్. ఉత్తరం మీద గణిత సంతకం చేసేది డీకిమ్. ఆ రెండూ తప్పితే ఉత్తరాన్ని ఏం చేయాలో చెప్పేది డీమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేవాళ్లకు ఈ మూడూ ఉండాలని, ఒక్క నొక్కుతో చందా వదిలించుకునే వీలు ఇవ్వాలని గూగుల్, యాహూ పట్టుపట్టాయి. పోస్టెల్ 1982లో వదిలేసిన తలుపుకు 42 ఏళ్ల తరవాత గొళ్లెం పడింది.

దీనికి ఇంకో పక్క ఉంది. పెద్ద కంపెనీల జల్లెడ ఎలా పనిచేస్తుందో బయటివాళ్లకు తెలియదు. ఒక చిన్న గ్రంథాలయమో సంఘమో సొంత సర్వర్ పెట్టుకుని నియమాలన్నీ పాటించినా దాని ఉత్తరం స్పామ్ ఫోల్డర్‌లో పడవచ్చు; ఎందుకు పడిందని అడగడానికి మనిషి దొరకడు. స్పామ్‌అసాసిన్ మార్కుల జాబితా చూపించేది, వీళ్లు తీర్పు మాత్రమే చూపిస్తారు. స్పామ్ తగ్గించిన ఖ్యాతి ఈ కంపెనీలకు దక్కవలసిందే. ఆ వంకతో ఈమెయిల్‌ను కొన్ని కంపెనీల సొత్తు చేయడం మాత్రం పెద్ద నష్టం. ఏ కంపెనీ అనుమతీ లేకుండా ఎవరైనా ఎవరికైనా రాయగలిగిన సాధనం ఇది.

పాఠకుల చేతిలో ఉన్న పని చిన్నది. తెలియనివాళ్ల మెయిల్‌లోని 'అన్‌సబ్‌స్క్రైబ్' నొక్కవద్దు, ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని వాళ్లకు తెలిసిపోతుంది. స్పామ్ అని రిపోర్ట్ చేస్తే జల్లెడ నేర్చుకుంటుంది. చేజేతులా చందా కట్టిన లేఖ విసుగొస్తే రిపోర్ట్ చేయకుండా చందా మానుకోండి. వారానికోసారి స్పామ్ ఫోల్డర్ తెరిచి, అందులో చిక్కుకున్న మంచి ఉత్తరాన్ని బయటికి తీసి 'ఇది స్పామ్ కాదు' అని నొక్కండి.