మంత్రకూటపు గుండరాజు

గోదావరి తీరమునందలి మంథనిని లోకము వేదపండితుల ఊరుగా నెరుగును. 12వ శతాబ్దిలో అది మంత్రకూటమను పేర ఒక సామంతుని నగరమని ఎరిగినవారు తక్కువ. ఆ సామంతుడు గుండరాజు.

అతని పరాభవము మనకు తెలియవచ్చినది గెలిచినవారి మాటవలననే. 1163లో కాకతి రుద్రదేవుడు హనుమకొండ వేయిస్తంభాల గుడిలో నిలిపిన సంస్కృత శాసనమును అచింతేంద్రుడు రచించెను. రుద్రదేవుని తండ్రి రెండవ ప్రోలరాజు గుండరాజును జయించి, తల గొరిగించి, రొమ్మున వరాహముద్ర వేయించెనని అందు కలదు. వరాహము కాకతీయుల లాంఛనము. ఓటమికన్న ఆ ముద్రయే బరువైనది కాబోలు!

ఇంతకును ప్రోలరాజు కూడ కల్యాణి చాళుక్యులకు సామంతుడే. ఏలికల బలము సన్నగిల్లగా అతడు తోటి సామంతులను అణచెను, కుమారుడు స్వతంత్రుడయ్యెను. పొలవాస మేడరాజు తల వంచక నిలిచి, రుద్రదేవుని చేత ఓడెను.

ఆ కాలముననే జపానులోను ఇట్టి మార్పు జరిగినది. రాజాస్థానమును కొలిచిన సమురాయి వంశములు తమలో తాము పోరి, 1185లో మినమోతో యోరితోమో విజయముతో అధికారమును చేకొనెను. చక్రవర్తి పేరు మాత్రము మిగిలెను. యోరితోమో తన యోధులకు భూములపై పెత్తనమిచ్చి వారిని కట్టుకొనెను. ఇక్కడ రుద్రమదేవి, ప్రతాపరుద్రుల నాటి నాయంకరమును అట్టిదే: నాయకునకు గ్రామముల రాబడి, రాజునకు అతని సేన.

1323లో ఓరుగల్లు పడినది. రాబడియు సేనయు నాయకుల చేతనే యుండెను. రేచర్లవారు, రెడ్లు తమ తమ దుర్గములలో రాజులైరి.