ఇంటికొచ్చాక తగిలే టోల్ బిల్లు

బందరు నుంచి బెజవాడకి కారులో వెళ్లేవాళ్లకి టోల్ అంటే దావులూరే. కారు స్లో అవుతుంది, అద్దం మీద స్టిక్కర్‌ని రీడర్ చదువుతుంది, గేటు లేస్తుంది, కాసేపటికి ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరిలో తప్పనిసరి అయింది. ట్యాగ్ పనిచేయకపోతే 2025 నవంబర్ 15 నుంచి యూపీఐలో ఒకటింపావు రెట్లు. ఏదైనా సరే, ఎంత పోయిందో గేటు దగ్గరే తెలిసిపోతుంది.

ఇదే అలవాటుతో అమెరికా వెళ్లి అద్దె కారు తీసుకున్నారనుకోండి, అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. చాలాచోట్ల గేటే ఉండదు. డబ్బులు తీసుకునే మనిషీ ఉండడు. మీరు అరవై మైళ్ల స్పీడులో పోతుంటే పైనున్న కెమెరా నంబర్ ప్లేట్‌ని ఫొటో తీసేస్తుంది, అంతే. న్యూయార్క్ త్రూవే 2020 నవంబర్లో బూత్‌లు ఎత్తేసింది. శాన్ ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ బ్రిడ్జి మీద 2013 నుంచే క్యాష్ తీసుకోవడం లేదు. టోల్ కట్టామన్న సంగతి కూడా తెలియకుండా దాటేస్తాం. బిల్లు ముందు కారు ఓనరుకి, అంటే అద్దె కంపెనీకి వెళ్తుంది. అక్కడి నుంచి మన కార్డు మీదకి వస్తుంది. అప్పటికి మనం గుడివాడలో ఇంట్లో కూర్చుని ట్రిప్ ఫొటోలు చూపించుకుంటూ ఉంటాం.

టోల్ చిన్నదే. దాని వెనకాల వచ్చే ఫీజే పెద్దది. చాలా అద్దె కంపెనీలు టోల్‌కి తోడు సొంత సర్వీస్ చార్జీ వేస్తాయి. కొన్ని టోల్ రోడ్డు ఎక్కిన రోజుకే వేస్తాయి. కొన్నయితే ఒక్కసారి ఎక్కితే చాలు, కారు మన దగ్గరున్న అన్ని రోజులకీ లెక్కగడతాయి. ఉదాహరణకి పది రోజుల ట్రిప్, అసలు టోల్స్ 25 డాలర్లు, ఫీజు రోజుకి 10 డాలర్లు అనుకోండి. మొత్తం 125. డాలర్‌కి 90 రూపాయలు వేసుకుంటే 11,250. ఇందులో రోడ్డు ఖర్చు 2,250 మాత్రమే! దీని మీద చాలా క్రెడిట్ కార్డులకి ఫారెక్స్ మార్కప్ మూడున్నర శాతం దాకా, ఆ మార్కప్ మీద మళ్లీ జీఎస్టీ.

అందుకే కౌంటర్ దగ్గర తాళాలు తీసుకునే ముందు అడగాల్సింది టోల్ రేటు కాదు. "ఫీజు టోల్ వాడిన రోజుకా, మొత్తం రోజులకా? పైకి లిమిట్ ఎంత? మేమే నేరుగా కట్టుకుంటే ఫీజు ఉండదా?" అని అడగండి. వెనక లైన్లో ఎంతమంది ఉన్నా సరే, మొహమాటపడొద్దు. జవాబు అగ్రిమెంట్‌లో ఎక్కడుందో చూపించమనండి, ఆ పేజీ ఫొటో తీసుకోండి. విండ్‌షీల్డ్ మీద చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటే అది కంపెనీ ట్యాగ్. తెరిచి ఉంటే మీరు దాని స్కీములో చేరినట్టే లెక్క కావచ్చు. వద్దనుకుంటే మూసే ఉంచాలి.

గుడివాడ, చల్లపల్లి, అవనిగడ్డ వైపు చాలా ఇళ్లకి అక్కడ ఎవరో ఒకరు ఉండనే ఉంటారు, డాలస్‌లో బాబాయో న్యూజెర్సీలో అక్కో. వాళ్లింట్లో ఈజీపాస్ ట్యాగ్ ఉంటే అడిగి తీసుకోండి. మెయిన్ నుంచి ఫ్లోరిడా దాకా తూర్పు రాష్ట్రాల్లో చాలాచోట్ల అది పనిచేస్తుంది. కాకపోతే అద్దె కారు నంబర్‌ని వాళ్ల అకౌంట్‌లో ఆ తేదీలకి చేర్చాలి, కారు తిరిగిచ్చిన రోజే తీసేయాలి. తీసేయడం మరిచిపోతే తర్వాత ఆ కారు ఎక్కినవాడి టోల్స్ కూడా అక్కే కట్టాల్సి రావచ్చు. డాలస్ దగ్గర అయితే ఈజీపాస్ కాదు, టోల్‌ట్యాగ్. ఇక బాబాయ్ సొంత కారే ఇచ్చాడనుకోండి, టోల్స్ ఆయన ట్యాగ్‌లోంచే పోతాయి. అడిగితే "ఛా, నీ దగ్గర తీసుకుంటానా" అంటాడు. యాప్‌లో చూసి మొత్తం చెప్పమని పిన్నిని అడగండి, ఆవిడ చెప్తుంది!

పిల్లలతో ఓర్లాండో వెళ్లేవాళ్లకి ఒక మంచి ఏర్పాటు ఉంది. అక్కడి ఎయిర్‌పోర్టులో అద్దె కార్ల కోసమే విజిటర్ టోల్ పాస్ ఇస్తారు. యాప్‌లో బుక్ చేసుకుని మెషీన్ నుంచి తీసుకుని అద్దానికి తగిలించుకోవడమే. పాస్‌కి డబ్బు లేదు, టోల్ ఎంతో అంతే.

ఇంగ్లండ్ పద్ధతి వేరు, కాస్త కఠినం కూడా. లండన్ తూర్పున థేమ్స్ నది దాటే డార్ట్‌ఫర్డ్ క్రాసింగ్‌కి కారుకి 3.50 పౌండ్లు. దాటిన మర్నాటి అర్ధరాత్రిలోపు మనమే ఆన్‌లైన్‌లో కట్టేయాలి. మరిచిపోతే పెనాల్టీ 70 పౌండ్లు, 14 రోజుల్లో కడితే సగం. చదువుకోడానికి వెళ్లిన పిల్లలు నలుగురైదుగురు కలిసి కారు తీసుకుని తిరిగేటప్పుడు తగిలే దెబ్బ ఇదే. కారు ఒకడి పేరు మీద, నడిపింది ఇంకొకడు, నోటీసు వచ్చేసరికి ఎవడి పార్ట్‌టైమ్ జాబ్ వాడిది. బయల్దేరేముందే తలా కొంత టోల్స్ కోసం తీసి కారు బుక్ చేసినవాడి దగ్గరే ఉంచండి. నెలన్నర తర్వాత మిగిలింది పంచుకోవచ్చు. గోల్డెన్ గేట్‌కి కూడా ఇలా సొంతంగా కట్టే వీలుంది, దాటకముందు 30 రోజుల నుంచి దాటిన 48 గంటల దాకా. అక్కడ టోల్ దక్షిణం వైపు, అంటే సిటీలోకి వచ్చేటప్పుడే. న్యూజెర్సీ నుంచి మాన్‌హటన్ వెళ్లే టన్నెల్స్‌లోనూ అంతే, లోపలికే టోల్. బడ్జెట్ వేసేటప్పుడు రానూపోనూ అని రెండుతో గుణించనక్కర్లేదు. కానీ మాన్‌హటన్‌లో 60వ స్ట్రీట్‌కి దిగువన తిరిగితే 2025 జనవరి 5 నుంచి ఇంకో చార్జీ ఉంది, పగటివేళ కార్లకి 9 డాలర్లు.

యూరప్ గురించి రెండు ముక్కలు. స్విట్జర్లాండ్, ఆస్ట్రియా హైవేలకి ముందే విన్యెట్ కొనాలి. స్విస్‌ది ఏడాదికి 40 ఫ్రాంకులు, ఒక్కరోజు తిరిగినా అంతే. అక్కడే అద్దెకి తీసుకున్న కారుకి అది మామూలుగా ఉండనే ఉంటుంది, మళ్లీ కొనకండి. ఇటలీలో పసుపు రంగు టెలిపాస్ లేన్‌లోకి ట్యాగ్ లేకుండా దూరొద్దు. దుబాయ్‌లో సాలిక్ ఉంది. 2025 జనవరి 31 నుంచి రద్దీ వేళల్లో 6 దిర్హాములు, మిగతా వేళల్లో 4, రాత్రి ఒంటిగంట నుంచి ఆరు దాకా ఫ్రీ.

ఇంతకీ ఎంత పక్కన పెట్టాలి? గూగుల్ మ్యాప్స్‌లో రోజువారీ రూట్ వేసుకోండి. చాలా దేశాల్లో టోల్ అంచనా కూడా చూపిస్తుంది. 'అవాయిడ్ టోల్స్' నొక్కి తేడా చూడండి. పావుగంటే కలిసొస్తుంటే ఫ్రీ రోడ్డు ఎక్కడం నయం, గంటన్నర తగ్గుతుంటే టోల్ కట్టేయండి, డీజిల్, ఓపిక రెండూ మిగులుతాయి. వచ్చిన టోల్ మొత్తానికి కౌంటర్‌లో చెప్పిన ఫీజు కలపండి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కి ఇంకో వెయ్యి రూపాయలు కూడా ఇందులోనే రాసుకోండి. పాస్‌పోర్ట్, వీసా, లైసెన్స్‌తో మన రవాణా శాఖ ద్వారానే వస్తుంది, ఏడాది చెల్లుతుంది.

ఇంటికొచ్చాక ఫారెక్స్ కార్డులో డబ్బులన్నీ వెంటనే ఊడ్చేయకండి, రెండు నెలలు కొంత ఉండనివ్వండి. ఆ రోజుల్లోనే "మీ టోల్ బాకీ ఉంది, ఈ లింక్‌లో కట్టండి" అని మెసేజ్ కూడా రావచ్చు. 2024 మార్చి మొదలు నెలరోజుల్లోనే ఇలాంటి దొంగ మెసేజ్‌ల మీద రెండు వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయని ఎఫ్‌బీఐ చెప్పింది. నిజంగా అమెరికా వెళ్లొచ్చినవాళ్లే ఇందులో సులువుగా పడతారు, ఎందుకంటే బాకీ ఉందేమోనన్న అనుమానం వాళ్లకే ఉంటుంది. లింక్ నొక్కకండి. అగ్రిమెంట్ ఫొటోలో కారు నంబర్ ఉంటుంది, టోల్ సంస్థ అసలు సైట్‌లోకి మీరే వెళ్లి ఆ నంబర్ కొట్టి చూసుకోండి.