ఎవరు చెప్పిరి? దేనినిబట్టి చెప్పిరి?

చరిత్రను గూర్చిన గంభీరమైన చర్చ విశ్వవిద్యాలయముల నాలుగు గోడల నడుమనే సాగుననియు, పట్టాలు లేనివారికి ఆ పంక్తిలో పీట దొరకదనియు మనలో ననేకులకు నమ్మిక కలదు. తెలంగాణములో ఈ నమ్మిక చెల్లదు. 1922లో హైదరాబాదున వెలసి, మరుసటి యేట కీర్తిశేషులైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పేరు దాల్చిన పరిశోధక మండలి, శిలలపై నున్న వ్రాతలను సేకరింపజేసి 1935లో ‘తెలంగాణా శాసనములు’ మొదటి సంపుటమును వెలువరించెను. ఆ మండలికి వెన్నెముకయై నిలిచిన ఆదిరాజు వీరభద్రరావుగారు వృత్తిచే బడిపంతులు.

అంతకన్న ముచ్చటయైన ఉదాహరణము పూర్వపు నల్లగొండ జిల్లాలోనే కలదు. విష్ణుకుండిన రాజుల తామ్రశాసనములు చాలవరకు కోస్తాలో దొరకుటచేతను, వానిలో రాజు పట్టాభిషిక్తుడైన నాటినుండి లెక్కించిన యేండ్లే తప్ప శకవర్షము లేకపోవుటచేతను, వారి కాలమును గూర్చి పండితులు చిరకాలము తర్జనభర్జన పడుచుండిరి. ఇట్లుండగా రామన్నపేట ప్రాంతమునందలి తుమ్మలగూడెములో దొరకిన రాగిరేకులను బి.ఎన్. శాస్త్రిగారు చదివి, 1965లో ‘భారతి’ మాసపత్రికలో ప్రకటించిరి. అందొకటి శకము 488 నాటిది. 78 కలిపినచో క్రీ.శ. 566 అగును. తేలని వంశకాలమునకు మేకు దిగినట్లయ్యెను. తుమ్మలగూడెమునకు పూర్వనామమైన ఇంద్రపాలనగరమే వారి తొలి నెలవని శాస్త్రిగారు వాదించిరి. శకసంవత్సరమును ఒప్పుకొన్నవారందరు ఆ వాదమును ఒప్పుకొనవలెనని లేదు. ఒకటి రాగిపై నున్న అంకె, రెండవది దానినుండి తీసిన ఊహ. చర్చలో గాంభీర్యమనగా ఈ రెంటిని కలగాపులగము చేయకుండుటయే యని నా మతము.

వ్రాసినవాడు ప్రసిద్ధుడో, పేరైన తెలియనివాడో యను విచారణ దీని తరువాతిది. పురాతన క్రీటు ద్వీపపు లిపి యొకదానిని 1952లో ఛేదించిన మైకేల్ వెంట్రిస్ వాస్తుశిల్పి. అతడు తన పనిని విడతలు విడతలుగా పండితులకు పంపుచు, ఆ లిపిలోని భాష ఎట్రుస్కను అని తాను తొలుత నమ్మిన వాదము అక్షరములకు పొసగనపుడు దానిని వదలుకొనెను. మన ఊళ్లలో తఱచు వినవచ్చు చరిత్ర దీనికి తలక్రిందు: మా వంశమువారే ఈ కోట కట్టిరని నిశ్చయము ముందు, సాక్ష్యము వెనుక, అదియు దొరకినచో!

హుజూర్‌నగరు వంటి ఊరి పాఠకునికి సాక్ష్యమును పరీక్షించుట సులభము. సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱిలోని కాకతీయుల కాలపు గుళ్లను గూర్చి ఎవరేమి చెప్పినను, శాసనమెచ్చట నున్నది, శకవర్షమెంత, చెరిగిన అక్షరములెన్ని, పూరించినవెన్ని యని అడుగవలెను. అచ్చటి శాసనమొకటి శకము 1130, అనగా 1208 నాటిది. గణపతిదేవుడు ఓరుగల్లు నేలుచున్న కాలము. ఈ ప్రశ్నలకు విసుగుకొనువానితో చర్చ వ్యర్థము. ఓపికతో బదులిచ్చువాడు ఎవడైనను ఆతని మాట వినదగును.

సాక్ష్యము మిగిలిననే ఈ చర్చ సాగును గనుక, పొలము దున్నునపుడు రాగిరేకు బయటపడినచో కరగింపకుడు, కంసాలికి అమ్మకుడు. పదిరూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరకినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము చెప్పుచున్నది. గుడిగోడపై అక్షరములు కనబడినచో సున్నము కొట్టకుడు. ఫొటో తీసి పురావస్తు శాఖకు పంపుడు.