విదేశాల్లో మెట్రో గేటు దగ్గర యూపీఐ పనిచేస్తుందా? లండన్, దుబాయ్, టోక్యో వెళ్లేముందు ఇవి తెలుసుకోండి

జేబులో రూపాయి లేకపోయినా చేతిలో ఫోన్ ఉంటే చాలు.. టీ కొట్టు నుంచి బంగారం షాపు దాకా స్కాన్ చేసి కట్టేస్తున్నారు జనం. అదే ధీమాతో విమానం ఎక్కితే మాత్రం ఎయిర్‌పోర్టు దాటగానే ఇబ్బంది మొదలవుతుంది. పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులు, చదువు కోసం వెళ్లే విద్యార్థులు, పని వెతుక్కుంటూ గల్ఫ్ బాట పట్టేవారు.. ఎవరైనా సరే, దిగాక త్వరలోనే ఎదురయ్యేది బస్సు డోరో, మెట్రో గేటో. అక్కడ యూపీఐ క్యూఆర్ కోడ్ ఉండదు. కొన్ని నగరాల్లో బస్సులో నోటు ఇచ్చినా తీసుకోరు. మరి ఏం చేయాలి?

యూపీఐ ఎంతవరకు?

భూటాన్, నేపాల్, శ్రీలంక, మారిషస్, సింగపూర్, యూఏఈ, ఫ్రాన్స్ వంటి దేశాల్లో యూపీఐతో చెల్లించే వీలుంది. పారిస్‌లోని ఈఫిల్ టవర్ టికెట్లకు 2024 ఫిబ్రవరిలో ఇది మొదలైంది. అయితే ఆ దేశాల్లో కూడా అన్ని షాపుల్లో కాదు, ఎంపిక చేసిన చోట్లే పనిచేస్తుంది. అదీ యాప్‌లో 'యూపీఐ ఇంటర్నేషనల్' ఆప్షన్ ఆన్ చేసుకుంటేనే. షాపింగ్‌కు పనికొస్తుందేమో గానీ, రోజువారీ ప్రయాణాలకు దీన్నే నమ్ముకుంటే కష్టం.

ముందు ఇక్కడే చేయాల్సిన పని

చాలామంది మర్చిపోయేది ఇదే. ఆర్‌బీఐ 2020 జనవరిలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం కొత్తగా ఇచ్చే డెబిట్, క్రెడిట్ కార్డులు మొదట దేశంలోని ఏటీఎంలు, స్వైపింగ్ మిషన్లలోనే పనిచేస్తాయి. విదేశాల్లో వాడాలన్నా, మిషన్‌కు తాకించి కట్టాలన్నా కస్టమర్ స్వయంగా ఆన్ చేసుకోవాలి. బ్యాంక్ యాప్‌లోకి వెళ్తే 'ఇంటర్నేషనల్', 'కాంటాక్ట్‌లెస్' అని రెండు వేర్వేరు బటన్లు ఉంటాయి. రెండూ ఆన్‌లో ఉండాలి. ఒకటి ఆఫ్‌లో ఉన్నా గేటు తెరుచుకోదు. లిమిట్ ఎంత పెట్టారో కూడా అక్కడే చూసుకోవచ్చు. కార్డు మీద వైఫై లాంటి గీతల గుర్తు ఉంటేనే అది తాకించి వాడే కార్డు అని అర్థం.

లండన్: బస్సులో నోట్లు చెల్లవు

లండన్ బస్సుల్లో 2014 జులై నుంచి నగదు తీసుకోవడం లేదు. అక్కడ రెండు దారులున్నాయి. ఒకటి 2003లో వచ్చిన ఆయిస్టర్ కార్డు. డబ్బులు వేసుకుంటూ వాడుకోవాలి. రెండోది బ్యాంకు కార్డునే గేటుకు తాకించడం. వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కాంటాక్ట్‌లెస్ కార్డులు తీసుకుంటారు. రూపే కార్డు ఒక్కటే ఉన్నవారు ఆయిస్టర్ తీసుకోవడమే నయం.

బస్సు ఎక్కేటప్పుడు ఒక్కసారి తాకిస్తే సరిపోతుంది. ట్యూబ్ రైలుకు మాత్రం ఎక్కేచోట, దిగేచోట రెండుసార్లూ తాకించాలి. దిగేటప్పుడు మర్చిపోతే ఎక్కడ దిగారో సిస్టమ్‌కు తెలియదు కాబట్టి గరిష్ఠ చార్జీ కోసేస్తుంది. రోజంతా ఎన్నిసార్లు తిరిగినా ఒక పరిమితి దాటి వసూలు చేయరు. ఇక్కడే ఓ మెలిక ఉంది. ఉదయం కార్డు, సాయంత్రం అదే కార్డు ఉన్న ఫోన్ తాకిస్తే ఇద్దరు వేర్వేరు ప్రయాణికులుగా లెక్కేస్తుంది. అప్పుడు ఆ పరిమితి లాభం పోతుంది. అందుకే ఏది తాకించి మొదలుపెడితే చివరిదాకా దాన్నే వాడాలి.

భార్యాభర్తలు ఒకే కార్డుతో వెళ్లడం కుదరదు. మనిషికో కార్డు ఉండాల్సిందే. 11 ఏళ్ల లోపు పిల్లలకు మాత్రం పెద్దవాళ్లతో వెళ్తే బస్సు, ట్యూబ్ ఉచితం.

దుబాయ్: కార్డు రంగు చూసుకోండి

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వెళ్లినవారికి 'నోల్' కార్డు పేరు కొత్త కాదు. దుబాయ్ మెట్రో 2009 సెప్టెంబర్ 9న ప్రారంభమైంది. మెట్రో, బస్సు, ట్రామ్ అన్నింటికీ ఇదే కార్డు. సిల్వర్ కార్డు ధర 25 దిర్హమ్‌లు, అందులో 19 దిర్హమ్‌లు ప్రయాణానికి వాడుకోవచ్చు. ఒకే జోన్‌లో అయితే 3, పక్క జోన్‌కు 5, అంతకు మించితే 7.5 దిర్హమ్‌లు.

రెండు మూడు రోజులే ఉండేవారికి రెడ్ టికెట్ కూడా ఉంది. అది కాగితపు కార్డు, చార్జీ కాస్త ఎక్కువ. అసలు జాగ్రత్త పడాల్సింది జరిమానాల దగ్గర. సిల్వర్ కార్డుతో గోల్డ్ బోగీ ఎక్కినా, మగవాళ్లు మహిళలు, పిల్లల బోగీలో నిలబడినా, రైల్లో తిన్నా, తాగినా 100 దిర్హమ్‌లు కట్టాలి. హడావుడిలో ఎదురుగా కనిపించిన డోర్‌లోకి ఎక్కేయకుండా ప్లాట్‌ఫాం మీది గుర్తులు చూసుకోవడం మంచిది.

టోక్యో: ఆండ్రాయిడ్ ఫోన్‌తో చిక్కు

జపాన్‌లో 2001లో వచ్చిన 'సుయికా' కార్డు రైలుకే కాదు, కిరాణా దుకాణాలు, వెండింగ్ మిషన్ల దగ్గర కూడా చెల్లుతుంది. గరిష్ఠంగా 20,000 యెన్‌లు నింపుకోవచ్చు. ఐఫోన్ 8, ఆ తర్వాతి మోడళ్లలో ఈ కార్డును ఫోన్‌లోనే పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్ల సంగతి వేరు. అక్కడి గేట్లు 'ఫెలికా' అనే టెక్నాలజీతో పనిచేస్తాయి. జపాన్ బయట కొన్న చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ సదుపాయం అందదు. అలాంటివారు ప్లాస్టిక్ కార్డు తీసుకోవాలి. స్టేషన్లలో డబ్బులు నింపే చాలా మిషన్లు నోట్లే తీసుకుంటాయి కాబట్టి చేతిలో కొన్ని యెన్‌లు ఉండాలి.

పర్యాటకుల కోసం ఇచ్చే వెల్‌కమ్ సుయికా 28 రోజులే పనిచేస్తుంది. మిగిలిన డబ్బు వెనక్కి ఇవ్వరు. మామూలు సుయికాకు 500 యెన్‌ల డిపాజిట్ ఉంటుంది, కార్డు వాపసు ఇస్తే అది తిరిగి వస్తుంది.

ఖర్చు ఎక్కడ పెరుగుతుంది?

మన బ్యాంకు కార్డు విదేశంలో వాడిన ప్రతిసారీ ఫారెక్స్ మార్కప్ పడుతుంది. చాలా కార్డులకు ఇది 2 నుంచి 3.5 శాతం. దానిపై 18 శాతం జీఎస్టీ అదనం. ఒక్క టికెట్‌కు చిన్న మొత్తమే, కానీ నెల రోజులు తిరిగితే లెక్క తేలుతుంది. ఎక్కువ రోజులు ఉండేవారు స్థానిక కార్డు గానీ, ఫారెక్స్ కార్డు గానీ తీసుకుంటే మేలు. షాపులో మిషన్ 'రూపాయల్లోనా, స్థానిక కరెన్సీలోనా' అని అడిగితే స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. రూపాయల్లో అంటే రేటు వాళ్లు చెప్పిందే అవుతుంది.

బయల్దేరే ముందు..

- ఇంటర్నేషనల్, కాంటాక్ట్‌లెస్ బటన్లు ఆన్ చేయండి
- మనిషికో కార్డు సిద్ధం చేసుకోండి. ఒకటి పోతే ఇబ్బంది లేకుండా మరొకటి విడిగా దాచండి
- స్థానిక కరెన్సీ కొంత దగ్గర పెట్టుకోండి
- పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే 'ఎక్కేచోట, దిగేచోట తాకించాలి' అని ముందే చెప్పి పంపండి
- తిరిగొచ్చే ముందు కార్డులో బ్యాలెన్స్ చూసుకోండి. నోల్ సిల్వర్ కార్డు ఐదేళ్లు చెల్లుతుంది. పారేయకుండా తర్వాత వెళ్లే బంధువులకు ఇస్తే పనికొస్తుంది