చౌడు నేలకు ఆకుమందు!

గట్టు వెంట ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి పొర. మడిలో నీళ్లున్నాయి, యూరియా వేశారు. అయినా నాటేసి మూడు వారాలైనా వరి లేవదు. ఆకుల మీద తుప్పు మచ్చలు. రైతు లక్సెట్టిపేటలోని మందుల దుకాణానికి పరుగెడతాడు. 'ఇది కొట్టు, పచ్చబడ్తది' అంటూ చేతిలో ఓ సీసా పెడతారు.

పచ్చబడుతుందా? కొంతవరకు అవును. కానీ ఆ 'కొంత' ఎంతో తెలియకే డబ్బులు పోతున్నాయి.

లక్సెట్టిపేట వైపు కడెం కాల్వ, గోదావరి దాటితే జగిత్యాల వైపు కాకతీయ కాల్వ. కాల్వ నీళ్లు పారే చోట పల్లపు మడుల్లోంచి మురుగు బయటికి పోకపోతే, నీరు ఆవిరై ఉప్పు పైన మిగులుతుంది. అదే చౌడు. మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట ఊరుతుంది కదా! వేళ్ల చుట్టూ ఉప్పు పేరుకున్నా అంతే, మడి నిండా నీళ్లున్నా మొక్కకు దాహమే. పైగా ఉప్పులోని సోడియం, పొటాష్‌ను వేళ్లలోకి రానివ్వదు. ఉదజని సూచిక 8.5 దాటిన కారు చౌడులోనైతే జింకు నేలలో ఉన్నా మొక్కకు అందదు.

ఆకుమందు పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. వేరు తీసుకోలేనిది ఆకు తీసుకుంటుంది. తుప్పు మచ్చలకు లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి, వారం తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయాలి. పురుగుమందులతో కలపకూడదు. పొటాష్ కోసం 13-0-45ను లీటరుకు 10 గ్రాములు కొట్టవచ్చు. ఎండ తగ్గాక కొడితే మేలు. ఇంకో సంగతి చాలామంది గమనించరు... చౌడు చేలోని బోరు నీళ్లూ ఉప్పగా ఉండొచ్చు. అలాంటి ఉప్పు నీళ్లతోనే మందు కలిపితే ఆకులు మాడొచ్చు!

ఇక ఖరీదైన సీసాలు. సముద్రపు నాచు రసం, ఆస్పిరిన్‌కు చుట్టమైన శాలిసిలిక్ ఆమ్లం లాంటివి ఉప్పును తట్టుకునే శక్తినిస్తాయని పరిశోధనల్లో తేలింది. కుండీల్లో కనిపించిన ఫలితం ప్రతి చేలోనూ రాదు. 2021లో కేంద్రం ఇలాంటి జీవ ఉత్ప్రేరకాలను ఎరువుల నియంత్రణ ఉత్తర్వుల కిందకు తెచ్చింది. కాబట్టి అనుమతి వివరాలు లేని సీసా కొనకండి, బిల్లు అడిగి తీసుకోండి.

ఏది కొట్టినా నేలలోని ఉప్పు గ్రాము కూడా తగ్గదు. దానికి వైద్యం వేరు. తెల్ల చౌడైతే మడిలో మంచినీళ్లు నిలగట్టి, ఉప్పు కరిగాక మురుగు కాల్వలోకి వదలాలి. కారు చౌడుకు జిప్సం వేయాలి, ఎంతన్నది భూసార పరీక్ష చెబుతుంది. పచ్చిరొట్టకు జీలుగ మంచిది. ముదురు నారు, కుదురుకు నాలుగైదు మొక్కలు నాటితే కొన్ని చచ్చినా కొన్ని నిలుస్తాయి. కర్నాల్‌లోని కేంద్ర చౌడు నేలల పరిశోధన సంస్థ సీఎస్ఆర్-36 వంటి తట్టుకునే వరి రకాలనూ తెచ్చింది. మీ నేల తెల్ల చౌడో, కారు చౌడో తేల్చుకోవాలంటే వేసవిలో చేను ఖాళీగా ఉన్నప్పుడే మట్టి నమూనా తీసి పరీక్షకు పంపాలి.